నీరు తియ్యగా ఉన్నదన్న మాట చాలదు

దప్పికగొన్న వారికి నీరివ్వడం కంటె మించిన పుణ్యం లేదని మన రెండు భాషల పెద్దలూ ఒక్క కంఠంతో చెప్పారు. మొహర్రం రోజులలో వీధి మొగదల వెలసే సబీలు, రోహిణి ఎండలలో బాటసారి కోసం పందిరి కింద కొత్త కుండలు పేర్చే చలివేంద్రం పేర్లకు వేరు గాని భావానికి ఒక్కటే. ఆ కుండలో నీరు పోసేవాడు దాహంతో వచ్చినవాని కులమతాలు అడగడు. త్రాగేవాడు కూడా నీరు ఎక్కడిదని అడగడు. అడగకుండా త్రాగడమే విశ్వాసం. అంతటి విశ్వాసాన్ని పొందిన నీటిని ఇచ్చే చేతికి ఒక బాధ్యత కూడా ఉన్నదని మేము నమ్ముతున్నాము. ఈ వ్యాసం ఆ బాధ్యతను గురించినది.

గడచిన వేసవిలో మునిసిపాలిటీ కుళాయి వారానికి రెండు రోజులు మాత్రమే వచ్చింది. కళాశాల వెనుక భాగాన, సైన్సు విభాగానికి ఆనుకొని ఉన్న బోరుబావి నీరే మనకందరికీ ఆధారమయింది. ఒకనాటి మధ్యాహ్నం మేము కొందరం ఈ నీటిని ఎప్పుడైనా పరీక్షించారా అని విచారించాము. కార్యాలయంలో రికార్డు ఏదీ దొరకలేదు. మనమందరం చాచా అని పిలుచుకొనే వృద్ధ అటెండరు మా విచారణ విని నవ్వాడు. "ఈ బోరు నీళ్లు షర్బతు లెక్క ఉంటయి బేటా. బోరు ఏసినప్పటి సంది తాగుతున్న, నాకేమన్న అయ్యిందా?" అన్నాడు. ఆ మాటకు అప్పుడు మా దగ్గర సమాధానం లేదు.

మేము చందాలు వేసుకొని ఒక సీసాడు నీటిని పరీక్షకు పంపాము. పది దినాలకు కాగితం వచ్చింది. ఆమ్లక్షార గుణము, కాఠిన్యము, క్లోరైడు, నైట్రేటు, ఫ్లోరైడు అన్నీ హద్దులోనే ఉన్నవి. సూక్ష్మక్రిములు లేవు. మేము సంతోషించి ఆ కాగితాన్ని మా రసాయనశాస్త్ర అధ్యాపకుల వద్దకు తీసుకొని పోయాము. వారు దానిని రెండుసార్లు చదివి, "నీటిలో ఏమేమి ఉన్నవో ఈ కాగితం చెప్పదు. మీరు అడిగినవి ఉన్నవో లేవో మాత్రమే చెప్తుంది. మీరు ద్రావణుల మాట అడగలేదు" అన్నారు. ఆ తరువాత కిటికీలోనుంచి ప్రయోగశాల తొట్టి గొట్టాన్ని, అది దిగే సోక్ పిట్టును, దానికి ఇరవై అడుగుల లోపు దూరంలోనే ఉన్న మన బోరుబావిని చూపించారు. మేము మాట్లాడలేకపోయాము.

ఆ రోజు నుండి మేము చదివి తెలుసుకొన్న విషయాలను విద్యార్థి మిత్రుల ముందు, పాలకవర్గ పెద్దల ముందు ఉంచడం మా కర్తవ్యమని భావిస్తున్నాము. మేము చెప్పదలచినది ఒక్కటే. కంటికి తేటగా, నాలుకకు తియ్యగా ఉండడం నీటి మంచితనానికి సాక్ష్యం కాదు. సాక్ష్యం పరీక్ష. పరీక్ష కూడా అడగవలసిన ప్రశ్న అడిగినదై, దాని ఫలితం త్రాగేవారందరికీ తెలిసినదై ఉండాలి.

మన శరీరంలో రక్తకణాలు పుట్టే చోటు ఎముకలలోని మూలుగ. ఆ మూలుగలో తెల్లకణాల పుట్టుక అదుపు తప్పడాన్ని ల్యుకేమియా అంటారు. శోషరస కణాలలో పుట్టేది లింఫోమా. ప్రతిరక్షకాలను తయారుచేసే ప్లాస్మా కణాలలో పుట్టేది మల్టిపుల్ మైలోమా. వీటన్నిటినీ కలిపి రక్త క్యాన్సర్లని వ్యవహరిస్తారు. చాలామంది రోగులలో వ్యాధికి కారణం ఇదేనని ఏ వైద్యుడూ చెప్పలేడు. అయితే కారణం నిస్సందేహంగా రుజువైన పదార్థాలు కొన్ని ఉన్నవి. వాటిలో ప్రథమగణ్యమైనది బెంజీను.

బెంజీను మనకు పరాయిది కాదు. అది పెట్రోలులో ఉన్నది. సేంద్రియ రసాయన పాఠంలో షట్కోణంగా ప్రతి విద్యార్థి గీసినదే. శరీరంలో ప్రవేశించిన బెంజీను కాలేయంలోను, మూలుగలోను వేరు పదార్థాలుగా మారి, కణాలలోని క్రోమోజోములను దెబ్బతీస్తుంది. తుర్కీ దేశపు రక్తవ్యాధి నిపుణుడు ముజఫ్ఫర్ అక్సోయ్ ఇస్తాంబుల్ నగరంలో చెప్పులు కుట్టే కార్మికులను పరిశీలించి, 1974లో తన ఫలితాలను ప్రకటించాడు. వారు వాడే జిగురులో బెంజీను ఉండేది. గాలి ఆడని చిన్న గదులలో దానిని పీల్చుతూ పనిచేసేవారు. ఆ పేదవారిలో ల్యుకేమియా ఇతరులకంటె ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ నేడు బెంజీనును మానవులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పెద్దవారిలో వచ్చే తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియాకు అది కారణమనడానికి తగినంత ఆధారం ఉన్నదని తేల్చింది.

ఇస్తాంబుల్ కార్మికులు పీల్చినది గాలి. త్రాగునీటికి దీనితో సంబంధమేమిటని మిత్రులు అడగవచ్చును. బెంజీను, ట్రైక్లోరోఎథిలీను, పెర్‌క్లోరోఎథిలీను మొదలగు ద్రవాలు గ్రీజును, జిడ్డును కరిగిస్తవి. యంత్రభాగాలను శుభ్రపరచడానికి, ఉన్ని బట్టల డ్రై క్లీనింగుకు, మందుల తయారీకి వీటిని వాడుతారు. వాడిన తరువాత నేలపై పారబోస్తే కొంత ఆవిరైపోతుంది. తక్కినది మట్టిలోకి ఇంకుతుంది. బెంజీను నీటికంటె తేలిక గనుక భూగర్భజలం పైన తేలుతుంది. ట్రైక్లోరోఎథిలీను నీటికంటె బరువు గనుక రాతిపొరల దాకా దిగి, పగుళ్లలో దాగి, దశాబ్దాలపాటు కొద్దికొద్దిగా నీటిలో కలుస్తూనే ఉంటుంది. అమెరికాలో త్రాగునీటికి విధించిన హద్దు లీటరుకు ఐదు మైక్రోగ్రాములు. అనగా ఒక్క గ్రాము ట్రైక్లోరోఎథిలీను రెండు లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు వరకు తీసుకొని పోగలదు. అంత తక్కువ పాళ్లలో దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. చాచా నాలుక దానిని పట్టలేదు. మా నాలుకలూ పట్టలేవు.

ఈ ముప్పు ఎంత వాస్తవమైనదో తెలుసుకొనడానికి అమెరికాలోని ఉత్తర కరొలీనా రాష్ట్రంలో ఉన్న కాంప్ లెజూన్ అనే సైనిక స్థావరం చరిత్ర చదవాలి. 1941లో స్థాపించిన ఆ స్థావరంలో మెరీను దళ సైనికులు, వారి భార్యాబిడ్డలు, సివిలు ఉద్యోగులు వేలాదిగా నివసించేవారు. నీరు స్థావరంలోని బోరుబావుల నుండే వచ్చేది. స్థావరం సరిహద్దు దాటిన వెంటనే 1953లో ఒక డ్రై క్లీనింగు దుకాణం వెలసింది. దాని మురుగునీటితో పాటు పెర్‌క్లోరోఎథిలీను నేలలోకి దిగి, టరావా టెర్రెస్ అనే కుటుంబ నివాసాల బావులను చేరింది. హాడ్నాట్ పాయింట్ అనే మరొక భాగంలో భూమిలో పాతిన ఇంధనపు ట్యాంకులు కారినవి. యంత్రశాలల ద్రావణులు నేలపాలైనవి. ఈ కాలుష్యం 1953 నుండి 1987 వరకు సాగినట్లు ఆ దేశపు చట్టమే నేడు అంగీకరిస్తున్నది. పది లక్షల మంది వరకు ఆ నీటిని వాడి ఉండవచ్చునని అంచనా.

ఆ నీటి దోషం మొదట బయటపడిన తీరు మా కళ్ళు తెరిపించింది. దానికోసం ఎవరూ వెదకలేదు. 1980లో క్లోరిను కలపడం వల్ల ఏర్పడే వేరొక వర్గపు పదార్థాల కోసం స్థావరం నీటిని పరీక్షించారు. వేరే రసాయనాలు అడ్డురావడం వల్ల ఆ పరీక్ష సరిగా నడవలేదు. 1981 నాటికి ప్రయోగశాల రసాయనవేత్త ఈ నీటిలో క్లోరినుతో కూడిన ద్రావణులు అధికంగా ఉన్నవని ఫలితాల కాగితం మీదనే చేతితో వ్రాసి హెచ్చరించాడు. 1982 మే నెలలో హాడ్నాట్ పాయింట్ నీటిలో ట్రైక్లోరోఎథిలీను లీటరుకు 1,400 మైక్రోగ్రాములు తేలింది. నేటి హద్దుకు అది 280 రెట్లు. అయినా కలుషితమైన బావులను మూయడం 1984 చివరలో మొదలై 1985 ఫిబ్రవరి నాటికి గాని ముగియలేదు. ఆ మధ్యకాలంలో పసిబిడ్డల పాలసీసాలలోకి, గర్భవతుల గ్లాసులలోకి ఆ నీరే వెళ్ళింది.

అధికారులు చెప్పిన సమాధానం కూడా గమనించదగినది. ఆనాడు ఆ రసాయనాలకు చట్టంలో హద్దు లేదని వారన్నారు. ఆ మాట నిజమే. ట్రైక్లోరోఎథిలీనుకు విధించిన హద్దు 1989లోను, పెర్‌క్లోరోఎథిలీనుకు విధించినది 1992లోను అమలులోకి వచ్చినవి. చట్టం నిషేధించనిది హాని చేయదనుకోవడం ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుస్తున్నది. ఇంతకంటె పెద్ద తప్పు మరొకటి జరిగింది. స్థావరం విడిచి దేశమంతటా చెదరిపోయిన కుటుంబాలకు విషయం తెలియజేయాలని శాసనం చేయడానికి 2008 వరకు పట్టింది. బావులు మూసిన తరువాత ఇరవై సంవత్సరాలకు పైగా, తమకు గాని తమ బిడ్డలకు గాని వచ్చిన వ్యాధికి కారణమేమై ఉండవచ్చునో ఆ ప్రజలకు ఎవరూ నేరుగా చెప్పలేదు.

ఆ తరువాతనే న్యాయం కదిలింది. 2012లో వారి వైద్యానికి చట్టం వచ్చింది. 2017లో వయోజన ల్యుకేమియా, నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా, మల్టిపుల్ మైలోమా, అప్లాస్టిక్ అనీమియా, మూలుగ వికారాలతో సహా ఎనిమిది విధాల వ్యాధులను ఆ నీటితో ముడిపడినవిగా పరిగణించి మాజీ సైనికులకు పింఛను ఇవ్వాలని నిర్ణయించారు. 2022 చట్టం, ముప్పది దినాలైనా ఆ నీటికి గురైనవారికి దావా వేసే హక్కు ఇచ్చింది. రెండు సంవత్సరాల గడువులో నాలుగు లక్షలకు పైగా అర్జీలు వచ్చినవి. నీటి పరీక్షకు అయ్యే ఖర్చు దండగ అనుకొనేవారు ఈ లెక్కను చూడవలెనని మా మనవి.

శాస్త్రం ఏమి చెప్పినదో కూడా తూకం తప్పకుండా చెప్పవలసి ఉన్నది. 1975, 1985 సంవత్సరాల మధ్య ఆ స్థావరంలో పనిచేసిన లక్షన్నరకు పైగా సైనికులను, కాలిఫోర్నియాలో మంచినీరు త్రాగిన కాంప్ పెండిల్టన్ సైనికులతో పోల్చిన అధ్యయనం 2024లో వెలువడింది. కాంప్ లెజూన్ వారిలో తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియా 38 శాతం, మూలుగ వికారాల వర్గం 68 శాతం అధికంగా కనిపించినవి. ఇంతకు పూర్వం 2014లో ప్రకటించిన మరణాల అధ్యయనంలోను మల్టిపుల్ మైలోమా మరణాలు వారిలో ఎక్కువగా తేలినవి. అయితే 38 శాతం ఎక్కువ అన్నప్పుడు నూటికి ముప్పది ఎనిమిది మందికి జబ్బు వచ్చినదని అర్థం కాదు. ఈ వ్యాధి అరుదైనది. పెరిగిన తరువాత కూడా అది అరుదే. ఆ నీరు త్రాగిన వారిలో అత్యధికులకు రక్త క్యాన్సరు రాలేదు.

చాచా ప్రశ్నకు సమాధానం మాకు ఇక్కడ దొరికింది. ఒక మనిషి త్రాగి క్షేమంగా ఉండడం నీటిని గూర్చిన రుజువు కాదు. అది ఆ మనిషి అదృష్టాన్ని గూర్చిన వార్త మాత్రమే. ఇటువంటి విషం వేలమందిలో కొందరిని, అదీ చాలా సంవత్సరాల తరువాత ఎంచుకుంటుంది. ఒక్కొక్కరిని చూచినంత కాలం అది కనిపించదు. అందరినీ లెక్క కట్టినప్పుడే కనిపిస్తుంది.

ఆ లెక్కను మొదట కట్టేవారు ఎల్లప్పుడూ పండితులే కానక్కరలేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టను సమీపాన వోబర్న్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1964లోను, 1967లోను అక్కడ రెండు కొత్త బావులు త్రవ్వారు. నీరు బాగులేదని ప్రజలు మొదటి నుండీ మొరపెట్టుకున్నారు. 1972లో ఒక తల్లి తన పసివానికి ల్యుకేమియా అని తెలిసి ఆసుపత్రికి తిరుగుతూ, తమ పేటలోని మరికొందరు తల్లులను అక్కడ చూచింది. ఇన్ని ఇళ్ళలో ఒకే జబ్బు ఎందుకున్నదని ఆమె అడిగితే కాకతాళీయమన్నారు. ఆమె ఊరుకోలేదు. చర్చి పాస్టరు తోడుగా ఆ ఇళ్ళన్నింటినీ పటం మీద గుర్తించింది. 1979లో ఆ బావుల దగ్గర పారిశ్రామిక వ్యర్థాల పీపాలు బయటపడినప్పుడు నీటిని పరీక్షించగా ఒక బావిలో ట్రైక్లోరోఎథిలీను లీటరుకు 267 మైక్రోగ్రాములు ఉన్నది. బావులు మూసివేశారు. 1969 నుండి 1979 వరకు ఆ పట్టణంలో పిల్లలకు వచ్చిన ల్యుకేమియా కేసులు పన్నెండు. మామూలుగా ఐదు ఉండవలసినవి. ఆమె కొడుకు 1981లో మరణించాడు. పన్నెండు అన్న అంకె చిన్నది గనుక శాస్త్రజ్ఞులు ఎంతో జాగ్రత్తగా మాట్లాడారు. వారి జాగ్రత్తను మేము గౌరవిస్తాము. ఆ తల్లి పట్టుదలకు నమస్కరిస్తాము.

మన దేశపు నేల కూడా ఈ పాఠానికి దూరం కాదు. 1937లోనే నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు జబ్బును శాస్త్రజ్ఞులు గుర్తించారు. నల్లగొండ బావులలోని ఫ్లోరైడు తరతరాల ఎముకలను వంచింది. ఆ నీరు కూడా తేటగానే ఉండేది. కాని ఫ్లోరైడు తన గుర్తును పిల్లల పళ్ళ మీద మచ్చగా చూపించి ముందే హెచ్చరిస్తుంది. ద్రావణులకు ఆపాటి దయ కూడా లేదు. హైదరాబాదు పొలిమేరలోని పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలలో 1970వ దశకం నుండి పరిశ్రమలు పెరిగి, మందుల కర్మాగారాల వ్యర్థజలం నక్కవాగులోనికి, చెరువులలోనికి పారింది. 1990లో ఆ గ్రామాల గోడు సుప్రీంకోర్టును చేరింది. 2007లో ప్రకటించిన ఒక స్వీడిష్ పరిశోధన, అక్కడి ఉమ్మడి శుద్ధికేంద్రం నుండి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని చూపింది. అక్కడ రక్త క్యాన్సర్లు ఇంత పెరిగినవని చెప్పడానికి మా వద్ద లెక్కలు లేవు గనుక మేము ఆ మాట అనము. కాని మనం పారబోసినది చివరకు నీటిలోనే తేలుతుందని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇతరులను వేలెత్తి చూపడం సులభం. మన తొట్టి గొట్టం మాటేమిటి? ప్రతి సంవత్సరం ప్రాక్టికల్ తరగతులలో బెంజీను, క్లోరోఫారము, కార్బన్ టెట్రాక్లోరైడు వాడిన పరీక్షనాళికలను మేమే ఆ తొట్టిలో ఒంపాము. ఒక విద్యార్థి ఒంపేది నాలుగు చుక్కలే. కాని ఒక్క గ్రాము రెండు లక్షల లీటర్లకు చాలునన్న లెక్కను ఈ తొట్టికి అన్వయించి చూడండి. తరగతులు ఎన్నో, సంవత్సరాలు ఎన్నో గణించి చూడండి. మన బోరు నీరు చెడినదని మేము చెప్పడం లేదు. అది చెడలేదని చెప్పగలవారు ఈ ఆవరణలో ఎవరూ లేరని మాత్రమే చెప్తున్నాము. ఈ వ్యాసంలో మొదటి ముద్దాయిలం మేమే.

భయపడి మంచి అలవాట్లు మానుకోకూడదు. మన దేశంలో నీటివల్ల ప్రాణం కోల్పోయే పసిబిడ్డలకు మొదటి శత్రువు సూక్ష్మక్రిమి. క్లోరిను దానిని చంపుతుంది. క్లోరిను వల్ల వేరే పదార్థాలు ఏర్పడతవని క్లోరినే మానడం తెలివితక్కువ. నీరు మరిగించడం క్రిములకు మంచి మందు. కాని మరిగించినందువల్ల నైట్రేటు పోదు, లోహాలు పోవు. ద్రావణులు ఆవిరైపోయినా, మూసిన వంటగదిలో ఆ ఆవిరిని మనమే పీల్చుతాము. యాక్టివేటెడ్ కార్బన్ వడపోత వాటిని పట్టగలదు గాని, సకాలంలో మార్చకపోతే నిరుపయోగం. కాబట్టి ఏ మందు వేయాలో తెలియడానికి ముందు ఏ జబ్బో తెలియాలి. అందుకు పరీక్షే దారి.

పాలకవర్గ పెద్దలకు రెండు సందేహాలు కలుగవచ్చును. మొదటిది ఖర్చు. ద్రావణుల పరీక్షకు గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం కావాలి గనుక మామూలు పరీక్షకంటె రుసుము ఎక్కువే. అయినా వార్షికోత్సవపు పందిరికి, దీపాలకు అయ్యే వ్యయంతో పోల్చితే అది పెద్ద మొత్తం కాబోదు. రెండవది ప్రతిష్ఠ. నీటిలో దోషం బయటపడితే కళాశాలకు చెడ్డపేరు వస్తుందన్న భయం సహజమే. కాంప్ లెజూన్ అధికారులకు చెడ్డపేరు దోషం కనుగొన్నందుకు రాలేదు. తెలిసిన తరువాత మౌనం వహించినందుకు వచ్చింది. మన పెద్దలు చందాలు పోగుచేసి, పేద బిడ్డల చదువు కోసం ఈ సంస్థను నిలబెట్టారు. బిడ్డల ఆరోగ్యాన్ని గురించిన ప్రశ్న తమ మీద నింద కాదని వారు గ్రహించగలరని మా నమ్మకం.

కాబట్టి నాలుగు కోరికలను వినయపూర్వకంగా నివేదిస్తున్నాము. ప్రయోగశాలలో వాడిన ద్రావణులను తొట్టిలో ఒంపకుండా, మూతగల పాత్రలో సేకరించి, ప్రమాదకర వ్యర్థాలు స్వీకరించే అధీకృత కేంద్రానికి పంపే ఏర్పాటు ఈ సంవత్సరమే చేయాలి. బోరు నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో ప్రతి సంవత్సరం వేసవిలో ఒకసారి, వానలు తగ్గిన తరువాత ఒకసారి, ద్రావణులతో సహా పరీక్షింపజేయాలి. మొదటి ఫలితం వచ్చేంతవరకు త్రాగడానికి మునిసిపాలిటీ నీటిని నిలువచేసి వాడాలి. నాలుగవదే అన్నిటికంటె ముఖ్యం. ప్రతి ఫలితాన్ని, మంచిదైనా చెడ్డదైనా, ఉర్దూలోను తెలుగులోను వ్రాయించి నోటీసు బోర్డు మీద పెట్టాలి. బీరువాలో దాచిన ఫలితం పరీక్ష చేయనట్లే.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మనలో చాలామంది ఇళ్ళ పక్కన మోటారు షెడ్లు, రంగుల దుకాణాలు, డ్రై క్లీనింగు అంగళ్ళు ఉన్నవి. వాటిని నడిపేవారు మన అన్నలు, మామలే. వాడిన తిన్నరును, పెట్రోలును మోరీలో పోసే అలవాటు అజ్ఞానం వల్ల వచ్చిందే గాని దుర్మార్గం వల్ల కాదు. వారితో తగవు పెట్టుకోకుండా విషయం చెప్పండి. వారి పిల్లలు కూడా ఆ వీధి బోరు నీరే త్రాగుతున్నారని గుర్తుచేయండి. ఇస్తాంబుల్ చెప్పుల కార్మికులకు ఆనాడు ఎవరైనా తమ జిగురులో ఏమున్నదో చెప్పియుంటే, వారు కిటికీ అయినా తెరిచియుండేవారు కదా.

ఈ వ్యాసం వ్రాస్తున్న దినాలలో ఒకనాడు చాచా మా వద్దకు వచ్చి, ఆ కాగితంలో ఏమి వ్రాసి ఉన్నదని అడిగాడు. మేము చదివి వినిపించి, అందులో లేని సంగతి కూడా చెప్పాము. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, తన మనుమరాలు వచ్చే సంవత్సరం మన కళాశాలలోనే చేరబోతున్నదని చెప్పాడు. "అయితే ఆ టెస్టు కూడా చేయించుండ్రి బేటా" అన్నాడు.

సబీలు దగ్గర నిలబడి గ్లాసు అందించే చేతికి ఉన్న గౌరవమే మన కళాశాల కుండకు కూడా ఉండాలి. వచ్చే జూన్ నెలలో కొత్త విద్యార్థులు ఈ ఆవరణలో అడుగుపెట్టి, అడగకుండా, విశ్వాసంతో మన నీరు త్రాగుతారు. వారు అడగని ప్రశ్నను వారికంటె ముందే మనం అడిగి, జవాబును కుండ పక్కన గోడ మీద అంటించి ఉంచుదాము.